ఎవరి కిరీటం వారిదే

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ చాంపియన్ కావడానికి రెండు దారులున్నాయి. మైదానంలో గెలవడం ఒకటి, గెలిచామని చెప్పుకోవడం రెండోది. రెండో దారిలో మోకాళ్లు విరగవు. పైగా ఎంత ఆలస్యంగానైనా బయలుదేరవచ్చు.

2017 సీజన్‌లో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం జట్టు (యూసీఎఫ్) ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. రెండేళ్ల ముందు ఇదే జట్టు 12కి 12 ఓడింది. ఈసారి ఒక్క ఓటమీ లేకున్నా, అప్పట్లో నలుగురికే చోటున్న ప్లేఆఫ్‌కు జట్లను ఎంపిక చేసే కమిటీ దాన్ని 12వ స్థానంలో కూర్చోబెట్టింది. ఆ సీజన్లో అలబామానూ జార్జియానూ ఓడించిన జట్టు ఆబర్న్. ఆ ఆబర్న్‌ను సీజన్ చివర్లో పీచ్ బౌల్ మ్యాచ్‌లో యూసీఎఫ్ 34-27తో ఓడించింది. ఫైనల్ ఆడింది మాత్రం అలబామా, జార్జియాలే!

ఒళ్లు మండిన యూసీఎఫ్ అథ్లెటిక్ డైరెక్టర్ డానీ వైట్ తమ జట్టే జాతీయ చాంపియన్ అని ప్రకటించేశాడు. ఫైనల్‌కు ముందురోజే డిస్నీ వరల్డ్‌లో ఊరేగింపు జరిగింది. కోచ్‌లకు చాంపియన్‌షిప్ బోనస్‌లు ఇస్తామన్నారు. స్టేడియం మీద కూడా అదే మాట అక్షరాల్లో వెలిసింది. దేశం పగలబడి నవ్వింది. తనకు తాను ప్రకటించుకోవడం, కష్టపడి సంపాదించుకోవడం ఒకటి కాదని ఫైనల్ గెలిచిన అలబామా కోచ్ నిక్ సేబన్ హితవు చెప్పాడు.

గురువింద గింజకు తన కింది నలుపు కనిపించదంటారు. అలబామా చెప్పుకునే టైటిళ్లలో 1941 ఒకటి. ఆ ఏడాది అది రెండు మ్యాచ్‌లు ఓడింది. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకింగుల్లో దాని స్థానం 20. అగ్రస్థానం ఒక్క ఓటమీ లేని మిన్నెసోటాది. కానీ హౌల్‌గేట్ అనే ఒకానొక లెక్క అలబామాను పైన చూపించింది. విశ్వవిద్యాలయం 1980లలో ఆ లెక్కను వెతికి పట్టుకుని టైటిల్‌ను ఖాతాలో వేసుకుంది. నలభై ఏళ్లు దాటాక వేసుకుంటే అది చరిత్ర, వారంలోపే వేసుకుంటే అది వెకిలితనం!

టెక్సాస్ ఎ అండ్ ఎం ఇంకా ఓపికమంతురాలు. 1919, 1927 టైటిళ్లు తనవేనని దానికి 2012లో గుర్తుకొచ్చింది.

వీళ్లందరికీ పెద్దన్న ప్రిన్స్‌టన్. 1869లో దేశం మొత్తం మీద ఆడిన జట్లు రెండే, జరిగిన మ్యాచ్‌లూ రెండే. ఒకటి రట్గర్స్ గెలిచింది, ఇంకోటి ప్రిన్స్‌టన్. ఆ తర్వాత ఆరు దశాబ్దాలకు పార్క్ డేవిస్ అనే చరిత్రకారుడు ఇద్దరినీ సంయుక్త చాంపియన్లను చేశాడు. అంటే పాల్గొన్నవారందరూ విజేతలే. ఎల్‌కేజీ ఆటల పోటీలకు ఏమాత్రం తీసిపోని న్యాయం. డేవిస్ స్వయంగా ప్రిన్స్‌టన్ మాజీ ఆటగాడు కావడం అదనపు ఆనందం.

ఇంత తతంగానికి కారణం ఒక్కటే. ఈ ఆట పై శ్రేణిలో, కాలేజీ క్రీడలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ ఏనాడూ తనంతట తాను టైటిల్ ఇవ్వలేదు. ఎవరెవరి లెక్క ప్రకారం ఎవరు విజేతో తన రికార్డుల పుస్తకంలో రాసుకుంటుంది, అంతే. కాలీ అనే కంప్యూటర్ లెక్క పుణ్యమా అని 2017 కింద అలబామా పక్కనే యూసీఎఫ్ పేరూ అందులో ఉంది. కాబట్టి యూసీఎఫ్‌ను చూసి నవ్వదలచుకున్న అలబామా అభిమానులు ముందుగా 1941ని తమ లెక్కల్లోంచి తీసేయాలి. అప్పటిదాకా నవ్వే హక్కు మిన్నెసోటా వారిది.