నీడలు ఆఫ్ చేసిన మే నెల

సీతమ్మను ఎత్తుకెళ్లిన కబురు రాముడు విన్న కొండ కాబట్టి మా ఊరు వినుకొండ అయిందని పెద్దలు చెబుతారు. కిందటి మే నెలలో మా వరండాలోంచి లేచిన మోత కూడా ఆ కొండ మీది రామలింగేశ్వరుడికి వినపడే ఉంటుంది. ఎదురింటివాళ్లు పిండిమర పెట్టారేమో అనుకున్నా. తీరా చూస్తే మా మేనల్లుడి లాప్‌టాప్.

వాడు ఇంజినీరింగ్ మూడో ఏడు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం ఫోన్లలో పబ్జీని నిషేధిస్తే ఆ పూట అన్నం మానేసిన దేశభక్తుడు. తర్వాత అలాంటిదే ఇంకో ఆటను లాప్‌టాప్‌లో పట్టాడు. ఆకాశంలోంచి దీవి మీదికి దూకాలి, దొరికిన తుపాకీ ఏరుకోవాలి, అంతకంతకూ మూసుకొచ్చే జోన్ లోపలే ఉంటూ ఆఖరిదాకా మిగలాలి. మావాడు ఏరుకునే దశలోనే పోయేవాడు. పోయిన ప్రతిసారీ ఒకటే మాట: "ఎఫ్‌పీఎస్ పడిపోయింది మావయ్యా!"

అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్కట. ఓ మూలన పచ్చ అంకె కనిపిస్తూ ఉంటుంది. ఆట మొదలుపెట్టినప్పుడు 60. పావుగంటకు 20.

"ఒరేయ్ అల్లుడూ, సినిమాకు సెకనుకు 24 బొమ్మలేరా. 1957లో మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు ఆ ఇరవై నాలుగులోనే లడ్డూలన్నీ నోట్లోకి ఎగరేసుకున్నాడు. నీకు అరవై దేనికి?" అన్నా.

"నువ్వు ఘటోత్కచుడికి చెబితే లడ్డూ తినలేదు కదా మావయ్యా! ఇక్కడ నేను నొక్కితేనే వాడు కదలాలి. ఇరవైలో ఆడితే బొమ్మకీ బొమ్మకీ మధ్య సెకనులో ఇరవయ్యో వంతు నాకు కళ్లు లేనట్టే. ఆ సందులోనే కాలుస్తున్నారు."

న్యాయంగానే తోచింది. నెట్ బాగాలేదేమో చూడరా అన్నాను. అది వేరేనట. మన కబురు సర్వరుకు వెళ్లి, తిరిగి రావడానికి పట్టే సమయాన్ని పింగ్ అంటారట. ఎఫ్‌పీఎస్ మాత్రం లాప్‌టాప్ సొంత ఒంటి బలం. మా ఊళ్లో పుట్టిన జాషువా గారు గబ్బిలం చేత శివుడికి కబురంపారు. దాని పింగ్ ఎంతో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి నేనిక ఆ విషయం ఎత్తలేదు.

వైద్యం మొదలైంది. ముందు ప్రాణాపాయం లేని చిట్కాలు. చార్జర్ తగిలించి, పవర్ మోడ్ పెంచాడు. బ్యాటరీ మీదుంటే పొదుపు కోసం అది బలమంతా చూపించదట. వెనకాల తెరిచిన బ్రౌజర్ కిటికీలు మూశాడు, లెక్కపెడితే నలభై. తెరను 1920×1080 నుంచి 1280×720కి దించాడు. చుక్కలు ఇరవై లక్షల చిల్లర నుంచి తొమ్మిది లక్షల చిల్లరకు వచ్చాయి. సగం బరువు దిగినట్టే.

ఆ తర్వాత గడ్డి పీకాడు. నీటి మెరుపు తీసేశాడు. చివరికి నీడలు ఆఫ్ చేశాడు.

నా గుండె కలుక్కుమంది. బయట వీధికుక్కతో సహా ఊరు ఊరంతా నీడ కోసం వెతుక్కుంటుంటే వీడు చెట్టుకు నీడ లేకుండా చేశాడు! "నీడ గీయడం చాలా పని అత్తయ్యా దానికి. సూర్యుడు ఎక్కడున్నాడు, అడ్డం ఏముంది అని ప్రతి బొమ్మకీ లెక్క కట్టుకోవాలి" అని మా ఆవిడకు పాఠం చెబుతున్నాడు. ఆవిడ వాడి పక్కనే కూర్చుని ఆవకాయ కారం జల్లిస్తోంది. ఈ కారం సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇంత చేసినా అంకె పావుగంట సేపు 60 చూపించి, మళ్లీ 20కి జారింది. ఇక నరసరావుపేట రోడ్డు వైపున్న రిపేరు కొట్టుకు పట్టుకెళ్లాం.

కొట్టు కుర్రాడు లాప్‌టాప్ అడుగున చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. "ఎక్కడ పెట్టి ఆడతారండీ?"

"పరుపు మీద."

"దూది పరుపా?"

సొంత చేలో పండిన పత్తితో కుట్టించిన పరుపు. గర్వంగానే చెప్పా. లాప్‌టాప్ గాలి పీల్చుకునే చిల్లులు అడుగునే ఉంటాయనీ, పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టేననీ అతను ఓపిగ్గా చెప్పాడు. మరలు విప్పి మూత ఎత్తి ఫ్యాను దగ్గర ముఖం పెట్టి ఉఫ్ అని ఊదాడు.

అంతే. మొదటి తుమ్ము అతనిది. రెండోది నాది. మూడోది చార్జర్ కొనడానికొచ్చిన పెద్దాయనది. తర్వాత లెక్క తప్పింది. కళ్లు తుడుచుకుని చూస్తే ఫ్యాను వెనక సన్నటి రాగి రేకుల సందుల్లో బొటనవేలంత పత్తి నూగు ఉండచుట్టుకుని ఉంది. దానికి ఎర్రగా కారం పట్టింది. మా పల్నాడు పంటలు రెండూ ఒకేచోట పండాయి.

"ఇంకేం, దీనికి వడదెబ్బండీ" అన్నాడతను. ప్రాసెసర్ వేడి వంద డిగ్రీల దాపుకొస్తే కాలిపోకుండా తనంతట తానే వేగం తగ్గించుకుంటుందట. అది విన్నాక నాకు దాని మీద గౌరవం కలిగింది. మా మిరపకోత కూలీలు తెల్లారుజామునే చేలో దిగి, పొద్దు నడినెత్తికొచ్చేసరికి గట్టెక్కుతారు. దాన్ని బద్ధకం అన్నవాడు మే నెలలో మా చేలోకి రానివాడు.

అతను బ్రష్షుతో నూగు లాగేశాడు. వేడిని లాగేసే పాత పేస్టు ఎండిపోయిందని గీకి, ప్రాసెసర్ మీద బఠాణీ గింజంత కొత్తది పెట్టాడు, తమలపాకుకు సున్నం పెట్టినంత పొదుపుగా. ర్యామ్ ఒక్క ముక్కే ఉందనీ, అది ఒంటెద్దు బండి లాగుడనీ చెప్పి, అలాంటిదే ఇంకోటి జత కట్టాడు.

ఆ రాత్రి పీట మీద పెట్టి ఆడాం. గంట గడిచినా 60 కదల్లేదు. మోత లేదు. మావాడు దీవిలో దిగాడు, తుపాకీ ఏరుకున్నాడు, పోయాడు. మూల ఉన్న అంకె వైపు చూశాడు. అది పచ్చగా 60. ఏమీ అనలేక లాప్‌టాప్ నా ముందుకు తోశాడు. "నువ్వాడు మావయ్యా. ఇప్పుడు ఓపికుంది దానికి" అని నీడలు మళ్లీ ఆన్ చేశాడు.

దీవిలో పెద్ద చెట్టొకటి కనిపించింది. కింద చల్లగా, చిక్కగా నీడ. వెళ్లి నిలబడ్డా.

"మావయ్యా, జోన్ మూసుకొస్తోంది, పరిగెత్తు!"

"ఉండరా. ఎండ తగ్గనీ."

అరవై ఫ్రేముల్లో, స్పష్టంగా, ఆ చెట్టు కిందే పోయాను.