వారాలబ్బాయి

మా ఇంటి బేస్‌మెంటులో ఒక డాక్టరు అద్దెకుంటున్నాడు. మందులిచ్చే డాక్టరు కాదు. ఈ ముక్క ముందే చెప్పాలి. ఎందుకంటే మా అత్తగారు ఇండియా నుంచి దిగిన రెండోరోజే మోకాలు చూపించుకోవడానికి కిందికి వెళ్ళిపోయారు, దుబాసీగా మా అబ్బాయిని వెంటేసుకుని. ఆయన శ్రద్ధగా విని, పన్నెండో శతాబ్దపు కైరోలో రోగంతో మంచాన పడ్డవాళ్ళు దాతలకి అర్జీలు ఎలా రాసుకునేవారో అరగంట చెప్పి పంపాడు. "మందేం రాశాడండీ?" అని అడిగాను. "మందు లేదు గాని, మనిషి నిదానం" అన్నారావిడ.

ఆయన చదివింది యూదు అధ్యయనాలు. చేసే పని ఫెలోషిప్పులు వెతకడం. ఈ రెండింటిలో ఏది అసలు, ఏది కొసరు అన్నది పరిచయమైన ఆరేళ్ళలో నాకు తేలలేదు.

న్యూజెర్సీ ఎడిసన్‌లో బేస్‌మెంటులు అద్దెకిచ్చేవాళ్ళకి రకరకాల కష్టాలుంటాయి. నాది కొత్తరకం. ఫెలోషిప్పు వచ్చిందంటే, ఇచ్చిన సంస్థ ఏ ఊళ్ళో ఉందో ఆ ఊళ్ళోనే మకాం పెట్టాలన్నది మామూలు షరతు. కాబట్టి చేతిలో డబ్బున్నన్నాళ్ళూ ఆయన ఫిలడెల్ఫియాలోనో, ఆన్ ఆర్బర్‌లోనో, ఆక్స్‌ఫర్డ్‌లోనో ఉంటాడు. డబ్బయిపోగానే మా ఇంటికొస్తాడు. పుస్తకాల పెట్టెలు మాత్రం పన్నెండు నెలలూ మా వాటర్ హీటర్ పక్కనే.

మనిషిని చూస్తే యాభైకి దగ్గర. గడ్డం ముప్పావు వంతు తెలుపు. అయినా దరఖాస్తుల్లో 'తొలిదశ పరిశోధకుడు' అనే రాసుకుంటాడు. పీహెచ్‌డీ అయిన ఇన్నేళ్ళలోపు అని ప్రతి సంస్థా ఒక గీత గీస్తుంది. ఈయన పట్టా ఆలస్యంగా పుచ్చుకోవడం వల్ల గీతకి ఇవతలే ఉన్నాడు. ఇప్పుడనిపిస్తోంది, ఆ ఆలస్యం కూడా ముందుచూపేనేమోనని.

ఆయన లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటుంది. సంస్థ పేరు, ఆఖరు తేదీ, ఎన్ని నెలలు, ఎన్ని డాలర్లు, సిఫార్సు ఉత్తరాలెన్ని, చివరి గడిలో 'వంటిల్లు ఉందా?'. దాతల పేర్లు ఆయన మన పురోహితుడు ప్రవర చెప్పినట్టు చెబుతాడు. న్యూయార్కు 16వ వీధిలో సెంటర్ ఫర్ జ్యూయిష్ హిస్టరీ అనే ఒకే చూరు కింద ఐదు సంస్థలున్నాయట. వాటిలో యీవో 1925లో విల్నాలో పుట్టి, 1940లో కట్టుబట్టలతో న్యూయార్కు చేరింది. లియో బేక్ ఇన్‌స్టిట్యూట్ 1955లో జర్మన్ మాట్లాడే యూదుల చరిత్ర కోసం వెలిసింది. సిన్సినాటిలో అమెరికన్ జ్యూయిష్ ఆర్కైవ్స్, 1947. ఇవన్నీ ఈల వేస్తున్నట్టు చెప్పుకుపోయే మనిషి ఒక్కచోట మాత్రం గొంతు తగ్గిస్తాడు. 1965లో పుట్టిన మెమోరియల్ ఫౌండేషన్ ఫర్ జ్యూయిష్ కల్చర్ మూలధనం జర్మనీ కట్టిన నష్టపరిహారం. పండితుల్నీ పాఠశాలల్నీ ఒక తరానికి తరం తుడిచిపెట్టాక, మళ్ళీ పండితుల్ని తయారుచేయడానికి పెట్టిన సొమ్ము. "ఆ ఒక్క దరఖాస్తు రాసేటప్పుడు మాత్రం స్నానం చేసి కూచుంటాను" అన్నాడొకసారి. హాస్యమో కాదో తెలియలేదు. నేను నవ్వలేదు.

ఆయన సబ్జెక్టు చెప్పాలి. పాత కైరోలో బెన్ ఎజ్రా అని ఒక సినగాగు, అంటే యూదుల ప్రార్థనాలయం. దేవుడి పేరున్న కాగితం పారెయ్యకూడదని యూదుల నియమం. అక్కడివాళ్ళు ఒకడుగు ముందుకేసి, హీబ్రూ అక్షరం ఉంటే చాలు, చాకలిపద్దుల్లాంటి చిట్టీలతో సహా ఒక కొట్లో పడేశారు. దాన్ని గెనీజా అంటారు. 1896లో సాలమన్ షెక్టర్ అనే కేంబ్రిడ్జి పండితుడు అక్కడికెళ్ళి, మరుసటేడుకల్లా లక్షా తొంభై వేలకు పైగా ముక్కలు కేంబ్రిడ్జికి చేర్చాడు. ప్రయాణం ఖర్చు పెట్టుకున్నది సెయింట్ జాన్స్ కాలేజీ పెద్ద చార్ల్స్ టేలర్. "మా వృత్తిలో అంత గొప్ప ట్రావెల్ గ్రాంటు ఇంకోటి లేదు" అంటాడు మావాడు. షెక్టర్ కూడా లండన్‌లోని ప్రధాన రబ్బీ (యూదు మతగురువు) దగ్గర కైరో రబ్బీకి సిఫార్సు ఉత్తరం రాయించుకునే వెళ్ళాడన్నది ఆయనకి మరీ ప్రీతికరమైన విషయం.

ఆ కాగితాల్లో బీదవాళ్ళు రాసుకున్న అర్జీలు వందలకొద్దీ ఉన్నాయి. ప్రిన్స్‌టన్‌లో మార్క్ కోహెన్ అనే ఆచార్యుడు 2005లో వాటిమీద ఏకంగా రెండు పుస్తకాలు వేశాడు. మా డాక్టరు నాగలి పెట్టింది ఆ పొలంలోనే. అంటే ఈయన పగలు తొమ్మిది వందల ఏళ్ళనాటి యాచన ఉత్తరాలు చదువుతాడు, రాత్రి ఈ ఏటి యాచన ఉత్తరం రాస్తాడు.

ఒకరోజు రెండూ బల్లమీద పక్కపక్కన పెట్టి నాకు చూపించాడు. పాత అర్జీలో ముందు దాతకి పొగడ్త. తర్వాత పిల్లాపాపలకి దీవెన. తర్వాత అసలు కష్టం. "ఇంతవరకూ ఎవరిముందూ ముసుగు తీసినవాణ్ణి కాను" అన్న ధోరణిలో ఒక మాట. పరువుగా బతికినవాడు చెయ్యిచాచడానికి అరబ్బీలో వాడుక అదేనట, మొహం బయటపెట్టుకోవడం. ఆపైన కావలసింది: రొట్టె, ఒంటిమీదికి బట్ట, తలపన్ను కట్టడానికి డబ్బు. చివర పుణ్యం మీకే. ఈయన దరఖాస్తూ అంతే. ముందు "లోకప్రసిద్ధమైన మీ గ్రంథాలయం", తర్వాత "మీ విద్వాంసుల సాంగత్యం", ఆపైన కావలసింది, చివర "వెలువడబోయే నా పుస్తకంలో కృతజ్ఞత". ముసుగు తీసిన మాట ఎక్కడుందని వెతికాను. 'ప్రస్తుత ఉద్యోగం' అన్న గడిలో ఉంది: "స్వతంత్ర పరిశోధకుడు".

"మరి ఈ తొమ్మిది వందల ఏళ్ళలో మారిందేమిటి?" అన్నాను.

"పదాల పరిమితి" అన్నాడు.

ఆయన అసలు ప్రతిభ బయటపడేది ఏటికో అంశం ప్రకటించే సంస్థల దగ్గర. ఫిలడెల్ఫియాలో కాట్జ్ సెంటరుకి ఏటా ఒక అంశం, ఆన్ ఆర్బర్‌లో ఫ్రాంకెల్ ఇన్‌స్టిట్యూట్‌కీ అంతే. ఈయనకున్నది ఒక్కటే విషయం. చట్టం అన్నారనుకోండి, అర్జీ చట్టబద్ధమైన పత్రమే కదా. శరీరం అంటే, ఆకలి శరీరానిదే. శబ్దం అంటే, అర్జీని సినగాగులో పైకి చదివించేవారు కనుక శబ్దమే. ప్రకృతి అంటే ఎలా తప్పించుకుంటాడో చూద్దామని నేనే అడిగాను. "కాగితం పాతగుడ్డ పీలికల్ది. గుడ్డ అవిసె నారది. అవిసె మొక్క" అన్నాడు, టీకప్పు దించకుండా. మన అవధానులు దత్తపదికి ఇంతకన్నా అవస్థ పడతారు.

ఇంకోసారి నిజంగానే దొరికిపోయాడనుకున్నాను. అద్దె బాకీ పడ్డ నెలలో, ఒక కొట్లో సాల్మన్ చేప పెట్టిన బేగెల్ రొట్టె తింటూ నా కంటబడ్డాడు. అక్కడ బేగెల్ ఖరీదు నాకు తెలుసు. సిగ్గుపడతాడనుకున్నాను. ఆయన తినడం ఆపకుండా, సరిగ్గా ఇదే సన్నివేశం ఫ్రాయిడ్ 1905లో హాస్యం మీద రాసిన పుస్తకంలో ఉందన్నాడు. అప్పుచేసి సాల్మన్ తింటున్న బీదవాణ్ణి అప్పిచ్చినాయన నిలదీస్తే, డబ్బు లేనప్పుడు తినలేను, ఉన్నప్పుడు తినకూడదు, ఇంక నేను తినేదెప్పుడని వాడే ఎదురు తిరుగుతాడు. తూర్పు యూరపు యూదుల భాష యిద్దిష్‌లో ఇలాంటివాణ్ణి 'ష్నోరర్' అంటారట. అడుక్కోవడం తన హక్కు, ఇవ్వడం నీకు పుణ్యం అన్నది వాడి సిద్ధాంతం. బాకీదారుడు ఆధారగ్రంథం చూపించాక ఇంటాయన చేయగలిగిందేమీ లేదు. నేనూ ఒక బేగెల్ తిన్నాను. డబ్బు నేనే ఇచ్చాను.

నేను గుంటూరువాణ్ణని తెలిసినరోజు ఆయన కళ్ళు మెరిసిన తీరు మా పెళ్ళిచూపుల్లో కూడా నేను చూడలేదు. "చేబ్రోలు మీకు ఎంత దూరం?" అన్నాడు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తాము బెనె ఎఫ్రాయిములమనీ, ఇశ్రాయేలు సంతతి అనీ చెప్పుకునే తెలుగు కుటుంబాలున్నాయని నాకు చెప్పింది ఈయనే. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ కలిసి వాళ్ళమీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. పాతికేళ్ళు అక్కడ పెరిగి నాకు తెలియదని సిగ్గుపడుతుంటే, ఆయన అప్పటికే బడ్జెట్ వేస్తున్నాడు: విమానం, ఆటో, భోజనం, స్థానిక దుబాసీకి పారితోషికం. దుబాసీ నేనే. ఆ గ్రాంటు రాలేదు. ఈ ఏడాది మునుపెన్నడూ లేనంత మంది ప్రతిభావంతులు దరఖాస్తు చేశారని జవాబొచ్చింది. ఏటా అదే జవాబట.

అయినా మా మధ్య బంధం ముదిరింది మా తాతయ్య వల్ల. ఆయన బందరులో వారాలు చేసుకుని చదువుకున్నాడని ఏదో మాటల్లో అన్నాను. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడిళ్ళు. మంగళవారం ఇల్లాలు మజ్జిగ మరీ పల్చగా పోసేదని తాతయ్య ఎనభయ్యో ఏట కూడా చెప్పుకునేవాడు. డాక్టరు కుర్చీలోంచి లేచిపోయాడు. తూర్పు యూరపులో యెషివా అనే మతపాఠశాలల పిల్లలూ సరిగ్గా ఇలాగే రోజుకో ఇంట్లో తిని, యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ చదివేవారట. యిద్దిష్‌లో దాని పేరు 'ఎస్సెన్ టేగ్', రోజులు తినడం. "నేనిప్పుడు తింటున్నదీ అదే. ఇళ్ళ బదులు సంస్థలు, రోజుల బదులు సెమిస్టర్లు" అన్నాడు. మంగళవారం మజ్జిగ ఏ సంస్థదో కూడా చెప్పాడు, రాయడం బాగుండదు.

ఇదంతా వంటింట్లోంచి విన్న మా ఆవిడ, "అయితే గురువారం మనదని చెప్పండి" అంది. అప్పట్నుంచీ గురువారం రాత్రి ఆయన మాతోనే. మా వంటింట్లో మాంసం వండరు కాబట్టి ఆహారం విషయంలో ఆయన మధ్యరకం యూదు నిష్ఠకి ఇబ్బంది లేదు. తన గాజుపళ్ళెం తనే తెచ్చుకుంటాడు. గోంగూర పప్పులో రెండోసారి నెయ్యి అడిగేటప్పుడు ముందు వంటకి పొగడ్త, తర్వాత పిల్లలకి దీవెన.

వచ్చే సెప్టెంబరు దాకా ఆయనకి ఎక్కడా ఏమీ కుదరలేదు. ఎడిసన్ చుట్టుపక్కల మనవాళ్ళకి ఒక మనవి. గురువారం మాది. మిగిలిన రోజులు ఖాళీగా ఉన్నాయి. వీలున్నవాళ్ళు ఫోను చేసి చెప్పండి. శుక్రవారం పొద్దు వాలింది మొదలు శనివారం చీకటిపడేదాకా మాత్రం చెయ్యకండి, అది సబ్బాతు, ఆయన ఫోనెత్తడు.