ఖాళీ బిందెల పోటీ

ఈ ఆదివారం మా క్లబ్‌హౌస్‌లో గల్లీ కడుతున్నారు. మీ టవర్లలో ఈపాటికి కట్టి, విప్పేసి కూడా ఉంటారు. మేమే కాస్త వెనకబడ్డాం. పోయినేడాది చిరుధాన్యాలన్నారు, తర్వాత పికిల్‌బాల్ అన్నారు, ఇప్పుడు బస్తీ వంతు వచ్చింది. థర్మోకోల్ అరుగు, కిరాయికి తెచ్చిన డొక్కు సైకిలు, గోళీ సోడా, ఇరానీ చాయ్ (బాదం పాలతో కూడా లభించును). గోడ మీద అందమైన అక్షరాలతో ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని బోర్డు, దాని ముందు సెల్ఫీ పాయింటు.

మనమంతా పోగొట్టుకున్న ఆత్మీయతను ఒక్క సాయంత్రం వెనక్కి తెచ్చుకుందామని సర్క్యులర్‌లో రాశారు. టికెట్ మనిషికి 800 రూపాయలు. ఐదేళ్ల లోపు పిల్లలకు ఆత్మీయత ఉచితం.

నేను పుట్టి పెరిగింది ముషీరాబాద్ పక్కన భోలక్‌పూర్‌లో. తోళ్ల గోదాముల వాసనలో, పాతసామాను కొట్ల చప్పుడులో. ఆ సంగతి కమిటీకి ఎలా తెలిసిందో గానీ కల్చరల్ సెక్రటరీ గారు నేరుగా ఇంటికే వచ్చారు. “మీరు అథెంటిక్ కదా సార్, కొంచెం ఇన్‌పుట్స్ ఇవ్వాలి” అన్నారు. చిన్నప్పుడు ‘ఏ బస్తీ రా నీది?’ అని అడిగి పక్క బెంచీకి జరిగినవాళ్లను చూశాను. అథెంటిక్ అన్నవాణ్ని ఇప్పుడే చూడటం.

ఆయన జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది నల్లా పోటీ.

జట్టుకి ఇద్దరు ఆడవాళ్లు. మగవాళ్లకు ప్రవేశం లేదు. ఆ ఒక్క విషయంలో కమిటీ వాస్తవాన్ని పాటించింది. మధ్యలో ఒక డమ్మీ నల్లా. విజిల్ వేయగానే బిందెలు లాక్కోవాలి, తిట్టుకోవాలి. తిట్లు కమిటీయే కార్డుల మీద అచ్చు వేయించి ఇస్తుంది. నమూనాకి రెండు చూపించారు. ‘నా బిందెనే జరుపుతావా?’ అని ఒకటి. ‘నువ్వు కాపురానికి రాకముందు నుంచీ ఇక్కడ నీళ్లు పడుతున్నా’ అని ఇంకొకటి. కులం, మతం, రంగు, బరువు ఎత్తకూడదు. తిట్టు మరిచిపోతే కార్డు చూసుకోవచ్చు గానీ రెండు మార్కులు పోతాయి. అందరికంటే సహజంగా పోట్లాడిన జట్టుకి ఎయిర్ ఫ్రయర్. మార్కులు వేసేది మూడో టవర్‌లో ఉండే యోగా టీచర్ గారు.

“నీళ్లెక్కడి నుంచి తెస్తారండీ?” అన్నాను.

“నీళ్లుండవు సార్. కింద ఇటాలియన్ మార్బుల్ కదా. బిందెలు ఖాళీవే.”

రెండు రోజుల నుంచీ నాకు ఇదే ధ్యాస. అన్నం తింటున్నా అదే, ఆఫీసుకి పోతున్నా అదే. ఖాళీ బిందెలతో, నీళ్లు రాని నల్లా దగ్గర, అచ్చేసిన తిట్లతో పోట్లాట.

సెక్రటరీ గారికి చెప్పే ప్రయత్నం చేశాను. అయ్యా, నల్లా దగ్గర అంతసేపు తిట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. వచ్చేది రోజు విడిచి రోజు, అదీ గంటో గంటన్నరో. రాత్రి ఒంటిగంటకు వస్తుందో తెల్లారగట్ల నాలుగింటికి వస్తుందో వాల్వు తిప్పేవాడికే తెలియాలి. మా అమ్మ ఒక చెవి తెరుచుకునే పడుకునేది. నల్లాలోంచి ముందు బుస్సుమని గాలి వస్తుంది. ఆ చప్పుడుకి గల్లీ మొత్తం లేస్తుంది. తర్వాత ఎర్రనీళ్లు. అవి రెండు బిందెలు పారబోస్తే ఆ తర్వాత వచ్చేవి మంచినీళ్లు, అంటే మేం అలా అనుకునే నీళ్లు. ప్రెషర్ ఉండదు కాబట్టి వాకిట్లో నడుంలోతు గుంత తవ్వి, పైపు కోసి, నల్లాని కిందికి దించేవాళ్లు. ఆ గుంతలో దిగి చెంబుతో పట్టి పైనున్న బిందెలో పోయాలి. వానొస్తే మోరీ నీళ్లు కూడా ఆ గుంతలోకే దిగేవి.

వీధి నల్లా దగ్గర వరసలో అందరూ బిందెలే పెట్టేవాళ్లు కాదు. ఒకరు ఇటుక, ఒకరు పగిలిన బకెట్, ఒకరు తెగిన హవాయి చెప్పు. ఆ చెప్పుని ఎవరూ పక్కకి నెట్టేవాళ్లు కాదు, దాని వెనక ఒక మనిషి ఉన్నట్టే లెక్క. నేనిచ్చిన ఒకే ఒక్క ఇన్‌పుట్ ఇది: వరసలో ఒక పాత చెప్పు పెట్టించండి.

ఆయన రాసుకోబోయి ఆగారు. “హైజీన్ ఇష్యూ అవుతుందేమో సార్.”

హైజీనా? 2009 మే నెలలో అదే భోలక్‌పూర్‌లో నల్లా నీళ్లు తాగి మనుషులు చచ్చిపోయారు. ఇల్లిల్లూ వాంతులు, విరేచనాలు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఎక్కడో అడవిలో కాదు, అసెంబ్లీకి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, హైటెక్ అని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లో. పాత బస్తీలన్నిటిదీ ఒకటే కథ. తాగునీటి పైపూ మురుగు పైపూ పక్కపక్కనే పోతాయి. ఒకటి తుప్పు పట్టి ఉంటుంది, ఇంకొకటి పగిలి ఉంటుంది. నల్లా బందయ్యాక తాగునీటి పైపు ఖాళీ అయి పక్కనున్న మురుగుని పీల్చుకుంటుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు ముందు వచ్చేది అదే. ముందు బిందె పెట్టినవాళ్లకి ముందు అందుతుంది. ఇది మీకు ఆటా? ఎయిర్ ఫ్రయర్ కోసం దీన్ని ఆడతారా? ఏ జట్టు సహజంగా ఉందో మార్కులు వేస్తారా? సిగ్గుండాలి.

నీళ్ల దగ్గర మేం కొట్టుకున్నది నీళ్లు చాలక. ఇంకో మాట లేదు.

సర్క్యులర్‌ ప్రకారం బస్తీలో తలుపులు తీసే ఉంచేవాళ్లట, ఎంత నమ్మకమో! తలుపు వేస్తే గాలాడదు. ఎత్తుకుపోవడానికి లోపల ఏమీ లేదు కూడా. అందరూ ఒకే టీవీ ముందు కూర్చునేవాళ్లట. గల్లీకి ఉన్నది ఆ ఒక్కటే. దాని యజమానికి చిరాకేస్తే ‘చిత్రలహరి’ మధ్యలో కట్టేసి అందరినీ పొమ్మనేవాడు. ఇక బోనాల ముచ్చట కోసం పోతరాజుని ఈవెంట్ మేనేజరే పంపిస్తాడట, మెత్తటి స్పాంజి కొరడాతో.

అలాగని నాకేమీ గుర్తు రాదని కాదు. ఒక రాత్రి రెండింటికి మా నాన్నకి గుండెనొప్పి వస్తే పక్కింటి ఆటో చాచా లుంగీ మీదే బండి తీశాడు. గాంధీ ఆస్పత్రి అప్పటికింకా సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరే ఉండేది. మీటరు వేయలేదు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మొన్న మా ఫ్లోర్‌లో ఎదురింటి పెద్దాయన పోయిన సంగతి నాకు గేటు యాప్ చెప్పింది. ‘ఫ్రీజర్ బాక్స్ వచ్చింది, అనుమతించాలా?’ అని వాళ్లకి పోవాల్సిన మెసేజ్ పొరపాటున నా ఫోనుకి వచ్చింది. నేను అనుమతించాను.

ఆ చాచా కోసం బెంగ పెట్టుకుంటే నేనూ పక్కన కూర్చుంటాను. కానీ ఇవాళ చాచా వస్తే మన గేటు దగ్గర ఆటో ఆపేస్తారు. లోపలికి ఆటోలు వద్దని తీర్మానం చేసింది ఈ కమిటీయే.

నిజంగా బస్తీ పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడో లేరు. వాళ్లుండే చోటు మా బాల్కనీలోంచి కనబడుతుంది. సర్కారు కట్టిన కొల్లూరు డబుల్ బెడ్‌రూమ్ కాలనీ, 2023 జూన్‌లో ప్రారంభించారు. 15,660 ఇళ్లు, ఒక్కోటి 560 చదరపు అడుగులు. లాటరీలో పేరొచ్చినవాళ్లని సిటీలో ఎక్కడెక్కడి నుంచో తెచ్చి అక్కడ పెట్టారు. మా ఇంట్లో పనిచేసే అక్క అలా పార్శీగుట్ట నుంచి వచ్చింది. ఇల్లొచ్చినందుకు సంతోషమే, నల్లా ఇంట్లోనే ఉందని ఇప్పటికీ మురిసిపోతుంది. కానీ పక్కింటివాళ్లు ఏ గల్లీ వాళ్లో తెలియదు. ఖాతా రాసుకుని ఉప్పూ పప్పూ ఇచ్చే సేటు లేడు. ఇరవై ఏళ్లుగా చేసిన ఇళ్లన్నీ అక్కడే ఉండిపోయాయి. కొన్నాళ్లు బస్సులు మారి పోయివచ్చింది, బస్సుకే జీతం సరిపోయి మానేసింది. చంటిపిల్లని వదిలి పనికి పోవాలంటే వదినె వరసయ్యే మనిషి లేక పెద్దపిల్ల బడి మానుకుంది. బస్తీ పోవడమంటే ఇదీ. ఉన్నచోటే కట్టివ్వడం చేతకాక కాదు. బన్సీలాల్‌పేటలో ఐడీహెచ్ కాలనీని 2015లో అలాగే కట్టారు, 396 ఇళ్లు, అక్కడివాళ్లకే. పేపర్లలో ఫొటోలకి అలాంటివి కొన్ని సరిపోయాయేమో.

ఈ అక్కని ఎవరూ ఇన్‌పుట్స్ అడగలేదు. ఆదివారం డ్యూటీ మాత్రం వేశారు. క్లబ్‌హౌస్ ఐదో అంతస్తు. బిందెలు తుడిచి వరసలో పెట్టాలి, అయ్యాక కప్పులు ఏరాలి. పనివాళ్లు మెయిన్ లిఫ్ట్ ఎక్కకూడదు. సర్వీస్ లిఫ్ట్ గురువారం నుంచి పనిచేయడం లేదు. మెట్ల మీద రమ్మని మెసేజ్ పెట్టారు.

సెక్రటరీ గారూ, మా ఆవిడ నాతో చెప్పకుండా రెండు టికెట్లు కొనేసింది. ఆ 1,600 వాపసు ఇప్పించండి. కుదరదంటే ఆదివారం ఆ అక్కని మెయిన్ లిఫ్ట్‌లో పైకి రానివ్వండి, చెల్లుకు చెల్లు.