కారుశుల్కం

గురజాడ అప్పారావు 1897లో ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనంద గజపతి ఆనాటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లపాటు జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లకు జాబితా వేయిస్తే 1,034 తేలాయట. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది పసిగుడ్లు ముగ్గురు. ఒక్కొక్కరి వెల 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డల మీద కూడా బేరాలు కుదురుతున్నాయని అక్కడే రాశారాయన.

ఆ దురాచారం పోయింది. దాని బేరసారాల తెలివి మాత్రం ఎక్కడికీ పోలేదు. సముద్రం దాటి ఇటలీ, బ్రిటన్, అమెరికా కార్ల కంపెనీల్లో ఉద్యోగానికి కుదిరింది. తేడా ఒక్కటే. ఆనాడు అమ్ముడుపోయిన పసిపిల్లలు ఏడ్చారు, అది నవ్వులాట కాదు. ఇప్పుడు ఏడ్చేది కొనేవాడు, అదీ ఏసీ గదిలో కూర్చుని, కాఫీ తాగుతూ. అందుచేత మనం మొహమాటం లేకుండా నవ్వుకోవచ్చు.

సూపర్ కార్లలో ‘లిమిటెడ్ ఎడిషన్’ అని ఒక జాతి ఉంది. కంపెనీ ముందే ఇన్నే చేస్తాం, ఒక్కటి కూడా ఎక్కువ చెయ్యం అని ఒట్టు పెట్టుకుంటుంది. ఫెరారీ ఎఫ్50 తీసుకోండి. 350 మంది కొంటారని అంచనా వేసి 349 చేశామని చెప్పుకున్నారు. ఆ ఒక్కడి ఏడుపు మీద మిగతా 349 మంది సంతోషం నిలబడుతుందన్నమాట. అయితే ఒట్టు అన్నివేళలా అంత గట్టిది కాదు. అంతకుముందు వచ్చిన ఎఫ్40ని 400 మాత్రమే చేద్దామనుకున్నారు. గిరాకీ చూశాక చెయ్యి ఆగక 1,300 దాటించారు. ముందు ముహూర్తానికే కొన్న నాలుగు వందల మందికి అప్పుడు ఎలా ఉండిందో!

మన వైపునించి ఒక కాంట్రాక్టరు బాబుని ఊహించుకుందాం. రాజాం వైపు మనిషనుకోండి. పేరు పెట్టను, పెడితే నలుగురు తమ గురించే అనుకుంటారు. భోగాపురంలో ఎయిర్‌పోర్టు రాకముందు కొన్న మెరక భూమి ఎయిర్‌పోర్టు పుణ్యమా అని కోట్లైంది. టెక్కలి నీలిరాయి క్వారీలో వాటా ఉంది. ఫార్చూనర్ పాతబడింది, రేంజ్ రోవర్ పక్కింటివాడు కూడా కొన్నాడు. ఇక లోకంలో ఎవడి దగ్గరా లేనిది కొనాలి. శ్రీకాకుళంలో, విజయనగరంలో అలాంటి షోరూము లేదు కాబట్టి బావమరిదిని వెంటేసుకుని విమానమెక్కి మహానగరానికి పోయాడు.

“ఏటి బావా, డబ్బులిత్తే కారివ్వరేటి?”

“డబ్బులందరూ ఇత్తార్రా. ముందు మన చరిత్ర చూస్తారంట.”

“మన చరిత్ర చూస్తే అసలే ఇవ్వరు గదేటి!”

బావమరిది అమాయకుడు. అక్కడ చరిత్ర అంటే కేసులు కాదు, కొనుగోళ్లు. ఇదివరకు ఆ కంపెనీ కార్లు ఎన్ని కొన్నారు, ఎన్నేళ్లు ఉంచుకున్నారు, కొన్న వారానికే అమ్మేశారా, గ్యారేజీలో ఇంకేం ఉన్నాయి. తాజాగా వచ్చే అరుదైన మోడలు పాత కస్టమర్లలో ఏరి కోరినవాళ్లకే ‘అలాట్’ అవుతుంది. కొత్తవాడు ముందు మామూలు కారొకటి, మరీ నచ్చని కారొకటి కొని, భక్తి నిరూపించుకుని, ఆ తరవాత చేతులు కట్టుకుని నిలబడాలి. ఇది ఏ బోర్డు మీదా రాసి ఉండదు. డీలరు నవ్వుతాడు, మనం అర్థం చేసుకోవాలి. మా తాతల కాలంలో పిల్లనిచ్చేవాడు కూడా అలాగే నవ్వేవాడట.

పాత కస్టమరైతే మాత్రం దక్కుతుందా? అమెరికాలో ప్రెస్టన్ హెన్ అనే పెద్దాయన ఉండేవాడు. పాత సామాన్ల సంత నడిపి కోటీశ్వరుడై, జీవితమంతా ఫెరారీలు కొన్నాడు. లాఫెరారీ అపెర్టా వస్తోందని తెలిసి కంపెనీ పెద్దకి నేరుగా పది లక్షల డాలర్ల చెక్కు పంపాడు. చెక్కు తిరిగొచ్చింది. 2016లో ఆయన కోర్టుకెక్కాడు. ఆ కారు కొనడానికి నేను అర్హుడిని కానని చెప్పడంవల్ల నా పరువు పోయింది అని దావా! పెళ్లిచూపుల్లో కాదన్నారని పిల్ల తండ్రి మీద దావా వేసిన పెళ్లికొడుకుని ‘కన్యాశుల్కం’ నాటకంలో పిల్లని కొనుక్కోబోయే లుబ్ధావధాన్లు ఊళ్లో కూడా ఎవరూ చూసి ఉండరు. తరవాత ఆ దావా ఆయనే వెనక్కి తీసుకున్నాడనుకోండి.

ఫోర్డు కంపెనీ దీన్ని మరో మెట్టు ఎక్కించింది. 2016లో ఫోర్డ్ జీటీకి ఏకంగా దరఖాస్తులే పిలిచింది. 500 కార్లకి 6,506 మంది పెట్టుకున్నారు. గ్రూప్స్ పరీక్ష రాసేవాడు ఉద్యోగం వస్తే జీతం వస్తుందని రాస్తాడు. వీళ్లు నాలుగున్నర లక్షల డాలర్లు పోసే అవకాశం ఇప్పించండి మహాప్రభో అని రాశారు. నెగ్గినవాళ్లలో కుస్తీ వీరుడు జాన్ సీనా ఒకడు. రెండేళ్లు అమ్మనని సంతకం పెట్టి కారు తెచ్చుకుని, కొన్ని వారాల్లోనే అమ్మేశాడు. 2017లో ఫోర్డు అతని మీద దావా వేసింది, మరుసటి ఏడాది రాజీ పడ్డారు. కారు కొన్నవాడిదే గానీ, దాని మీద కంపెనీకి పుట్టింటి హక్కులు ఉంటాయన్నమాట.

ఇంతకన్నా మన ఆర్టీఏ ఆఫీసు నయం అంటే నమ్మండి. 2021లో జూనియర్ ఎన్టీఆర్ లంబోర్గిని ఉరుస్ గ్రాఫైట్ క్యాప్సూల్ కొన్నాక, ఖైరతాబాద్‌లో 9999 నెంబరు కోసం 17 లక్షలు కట్టినట్టు పేపర్లన్నీ రాశాయి. వేలం పాట, ఎక్కువ పాడినవాడికి నెంబరు. నీ దగ్గర ఇదివరకు ఎన్ని నెంబర్లున్నాయి, మా 1234 కొనకుండా 9999 ఎలా అడుగుతావు అని గుమస్తా ఎవడూ ముఖం చిట్లించలేదు. ప్రజాస్వామ్యం చూడాలంటే ఇటలీ దాకా పోనక్కర్లేదు.

అసలు విడ్డూరం జాగ్వార్ ఎక్స్‌జే220ది. 1988లో బర్మింగ్‌హామ్ ప్రదర్శనలో పన్నెండు సిలిండర్ల ఇంజనుతో, నాలుగు చక్రాలకూ ఊపు అందే కారుని నిలబెట్టారు. జనం ఎగబడ్డారు. తలా 50 వేల పౌండ్లు డిపాజిట్ కట్టారు. నాలుగేళ్లకి కారు వచ్చింది. మూత ఎత్తి చూస్తే సిలిండర్లు ఆరే. ఆ ఇంజను వంశం కూడా మెట్రో అనే బుల్లి కారుని ర్యాలీలకు తయారుచేసిన శాఖది. ఊపు వెనక చక్రాలకి మాత్రమే. 2,90,000 పౌండ్లన్న ధర నాలుగు లక్షలు దాటింది. ‘కన్యాశుల్కం’లో కరటక శాస్త్రి తన శిష్యుడు మహేశానికి చీర కట్టి ఆడపిల్లగా లుబ్ధావధాన్లకి అంటగట్టినప్పుడు కూడా శుల్కం మధ్యలో పెంచలేదు సుమా. మాంద్యం వచ్చి కొనేవాళ్లు మాకొద్దంటే కంపెనీ కోర్టుకి లాగింది. 350 చేస్తామన్న కార్లు చివరికి 300 కూడా కాలేదు. న్యాయంగా చెప్పాలంటే, ఆ కాలానికి అది వేగంలో రికార్డు కొట్టిన కారే. మహేశం కూడా వేషం బాగానే కట్టాడు.

మళ్లీ మన బాబు దగ్గరికి వద్దాం. విదేశంలో పూర్తిగా తయారై దిగే, 40 వేల డాలర్లు దాటిన కారు మీద 2025 బడ్జెట్‌దాకా కస్టమ్స్ సుంకం నూటికి నూరు, దాని మీద పది సర్‌ఛార్జి. ఆ బడ్జెట్‌లో సుంకాన్ని 70కి తగ్గించి శభాష్ అనిపించుకున్నారు. పక్కనే వ్యవసాయ మౌలిక వసతుల సెస్సని 40 కలిపారు. తగ్గించకముందూ 110, తగ్గించాకా 110. అంటే బాబు సూపర్ కారు కొంటే సేద్యాన్ని ఉద్ధరించినట్టే. వంశధార కాలవ చివర నీళ్లకోసం చూసే రైతుకి ఈ శుభవార్త ఎవరైనా చెబితే బాగుణ్ణు. ఇది కాక స్టీరింగ్ గొడవ ఒకటుంది. కొత్త కారు దిగుమతి చేసుకోవాలంటే స్టీరింగ్ కుడివైపే ఉండాలని మన దిగుమతి నిబంధన. 500 మాత్రమే చేసిన బుగాటి షిరాన్‌కి కుడివైపు స్టీరింగే లేదు. కంపెనీ పిలిచి పిల్లనిచ్చినా కాపురానికి తెచ్చుకోవడం కుదరదు.

సరే, అన్నీ దాటి కారు వచ్చిందనుకోండి. పదహారో నెంబరు జాతీయ రహదారి మీద పైడిభీమవరం ఫార్మా లారీల వెనక, టెక్కలి రాళ్ల ట్రాలీల వెనక, గంటకి మూడొందల కిలోమీటర్లు పోగల ఇంజను ముప్ఫైలో మూలుగుతూ పోతుంది. ఊళ్లోకి తిరిగితే మొదటి స్పీడు బ్రేకరుకే కారు పొట్ట తగులుతుంది. అక్కడ చుట్టుపక్కల కుర్రాళ్లు వచ్చి మోస్తారు, పాపం. మన వైపు మనుషులు మంచివాళ్లు.

నిజంగా తక్కువగా తయారయ్యే వస్తువు ఎలా ఉంటుందో చూడాలంటే ఆ రోడ్డు వదిలి బొబ్బిలి పక్కన గొల్లపల్లి పోవాలి. ఒకే పనస దుంగని తొలిచి, కుండా దండీ అతుకు లేకుండా వీణ చేస్తారు అక్కడ సర్వసిద్ధి ఇంటివాళ్లు. తగిన దుంగ దొరకాలి, అది ఆరాలి, చేయి తిరిగినవాడు రోజుల తరబడి ఉలితో కూర్చోవాలి. ఎన్ని అవుతాయన్నది చెట్టూ చేతులూ తేలుస్తాయి. కొనడానికి వెళితే మీకు సరళీ స్వరాలు వచ్చా, ఇదివరకు ఎన్ని వీణలు కొన్నారు, రెండేళ్లు అమ్మనని రాసిస్తారా అని ఎవరూ అడగరు. బహుశా అందుకే బాబుకి వీణ మీద మోజు పుట్టలేదు. తిరస్కరించేవాడు లేనిదాన్ని కొంటే గొప్పేముంది?

కడుపులో బిడ్డ మీద బేరం అన్నామే, అదీ బతికే ఉంది. 2017 నవంబరులో టెస్లా కొత్త రోడ్‌స్టర్ అని ఒక కారుని వేదిక మీద తిప్పి చూపించింది. 2020లో ఇస్తాం అంది. మామూలుదానికి 50 వేల డాలర్లు, మొదటి వెయ్యింటికి పూర్తి సొమ్ము రెండున్నర లక్షల డాలర్లు ముందే కట్టించుకుంది. 2020 పోయి, కరోనా పోయి, 2025 కూడా గడిచింది. నెలలు నిండుతున్నాయనే కబురు మాత్రం ఏటేటా వస్తోంది. మహారాజా వారి జాబితాలో కూడా ఇన్నేళ్ల గర్భం లేదు.

బాబు వీటిలో దేనికీ జంకలేదు. నచ్చని కార్లు రెండు కొన్నాడు. డీలరుగారి నవ్వు చూసి మూడోది కూడా కొన్నాడు. మొన్న మెయిల్ వచ్చింది. అలాట్‌మెంట్ రాలేదు గానీ, అలాట్‌మెంటుకు పరిశీలించే జాబితాలో మీ పేరు చేర్చాం అని. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో బావమరిది తెల్లారేసరికి నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించాడు. ‘ప్రపంచ స్థాయి జాబితాకు ఎంపికైన మా బావగారికి హార్దిక శుభాకాంక్షలు’. కింద కారు బొమ్మ. అది మాత్రం వేరే కంపెనీది. కూడలిలో ఎవరూ గమనించలేదు, కిందికొచ్చి సెల్ఫీ దిగిన బావగారితో సహా.