సీటు వదలకుండా నీట్ రాయడం ఎలా?

తమ్ముడూ, అగ్రికల్చర్ బీఎస్సీలో చేరి రెండు నెలలు కాలేదు, అప్పుడే మళ్లీ నీట్ రాస్తానంటున్నావట. శభాష్! సలహా చెప్పడానికి ఈ హాస్టల్లో నాకంటే అర్హుడు లేడు. నేను నాలుగుసార్లు రాశాను. అందులో మూడుసార్లు ఇక్కడ చేరాకే.

ముందుగా ఒకటి. లాంగ్ టర్మ్ కోచింగ్ జోలికి పోకు. ఏడాదంతా ఒక్క పనే పెట్టుకోవడం చేతకానివాళ్ల పద్ధతి. ఇక్కడ రోల్ నంబరు ఉండనీ, అక్కడ ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ కొను. పొద్దున ఆరింటికి పొలంలో ప్రాక్టికల్, తొమ్మిదింటికి క్లాసు, సాయంత్రం రికార్డు, రాత్రి పదకొండుకి రొటేషనల్ మోషన్. నిద్ర పట్టకపోతే దానిని మించిన మందు లేదు.

ఎవరికీ చెప్పకు. నీట్ నోట్సుకి అగ్రానమీ రికార్డు అట్ట వేసుకో. నేనలాగే వేశాను. ఓరోజు అది రికార్డుల దొంతరలో కలిసిపోయింది. మా సారు పేజీ చూడకుండానే మానవ హృదయం బొమ్మ కింద సంతకం పెట్టి, తేదీ వేసి, ‘గుడ్’ అని రాశారు. నాలుగేళ్లలో నా బయాలజీకి దక్కిన మెప్పు అదొక్కటే. ఇక ఇంట్లో అసలే చెప్పకు. నాన్న ఫోన్ చేసి “ఎలా ఉందిరా కాలేజీ?” అంటే “బాగుంది నాన్నా” అను. రిజల్ట్ వచ్చాక చెప్పొచ్చులే అనుకో. వచ్చాక ఎటూ చెప్పవు.

బయాలజీ గురించి బెంగ వద్దు. 180 ప్రశ్నల్లో 90 అవే, మనం చదివేవీ మొక్కలే కదా! మినుముకి పల్లాకు తెగులు తెచ్చేది తెల్లదోమ అని నువ్వు నిద్రలో లేపినా చెబుతావు. నీట్ వాళ్లు అది అడక్కుండా ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఏ బొమ్మ కిందో ఉన్న చిన్న వాక్యం పట్టుకుని అడుగుతారు. అది వాళ్ల లోపం, నీది కాదు. పుస్తకాలు కొత్తవి కొనకు, ఇంటర్లోవి అటకమీంచి దించు. 2024 పరీక్షకి సిలబస్ తగ్గించి మినరల్ న్యూట్రిషన్, ట్రాన్స్‌పోర్ట్ ఇన్ ప్లాంట్స్, డైజెషన్ లాంటి పాఠాలు ఎత్తేశారు. ఆ ఏడాది నేను డైజెషన్ మూడుసార్లు రివైజ్ చేశాను. మా మెస్ తిండి తినేవాడికి ఆ పాఠం మీద మక్కువ ఉండటం సహజం.

ఫిజిక్స్ రాకపోతే గుడ్డిగా దిద్దెయ్. రైటుకి నాలుగు, తప్పుకి మైనస్ ఒకటి. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుడ్డిగా పెడితే, నాలుగు ప్రశ్నలకి సగటున ఒకటి తగిలి మూడు పోతాయి, నికరంగా ఒక మార్కు మిగులుతుంది. అంటే 45 ప్రశ్నలూ అలా పెడితే పదకొండు చిల్లర. రాత్రుళ్లు కూర్చుని చదివినప్పుడు నాకు వచ్చినవి పందొమ్మిది. ఆ ఎనిమిది మార్కుల కోసం ఎన్ని రాత్రులు పాడుచేసుకున్నానో!

టార్గెట్ మాత్రం కచ్చితంగా పెట్టుకో, అదీ పోయినేడాది మార్కులు చూసి. 2024లో 600 వచ్చినవాళ్లకి ర్యాంకు డెబ్బై వేలు దాటింది. 2025లో పేపరు కష్టంగా వచ్చి, దేశం మొత్తమ్మీద 600 దాటినవాళ్లు పద్నాలుగు వందల మంది కూడా లేరు. అందుకే మార్కులతో లెక్క వేసుకుంటే ఏ ఏడాదైనా తప్పే అవుతుంది, “ఇరవై మార్కుల్లో పోయింది” అని చుట్టాలకి చెప్పుకోవడానికి వీలుంటుంది. ర్యాంకు ఎవరైనా అడిగితే వాతావరణం గురించి మాట్లాడు.

కాగితాల సంగతి ఇప్పుడే ఎత్తకు. చేరేరోజు ఏదో బాండు మీద సంతకం పెట్టావు కదా, చదివావా? మంచిది, ఇకమీదట కూడా చదవకు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, స్టడీ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయి, టీసీకి ఎన్ని సంతకాలు కావాలి, ఇవన్నీ కౌన్సెలింగ్ ముందురోజు కనుక్కుంటే చాలు. ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ ముక్క ఆఫీసు గుమాస్తా దగ్గర అనకు, ఆయన మనసు నొచ్చుకుంటుంది.

అటెండెన్స్ 75 శాతం ఉండాలంటారు. మే మొదటి ఆదివారాల్లో నీట్, కాస్త అటూ ఇటుగా మన సెమిస్టర్. మొదటిదాని కోసం రెండోది మానెయ్, రెండోదాని భయంతో మొదటిదాన్ని సగం చదువు. నాకు ఇప్పుడు అయిదు బ్యాక్‌లాగులు. సాయిల్ సైన్స్ అయితే మా జూనియర్లతో కలిసి రాస్తున్నాను, వాళ్లు నన్ను ‘అన్నా’ అని ఎంతో గౌరవంగా పిలుస్తారు.

నా రూమ్మేటు మాత్రం మొండివాడు, చెబితే వినలేదు. మొదటి నెలలోనే ఇంటికెళ్లి నాన్న ముందు కూర్చుని చెప్పేశాడు. బాండు డబ్బులు కట్టాడు, కాగితాలు తీసుకున్నాడు, విజయవాడ దగ్గర లాంగ్ టర్మ్‌లో పడి ఏడాది అదే పనిగా చదివాడు. సీటు రాలేదు. మళ్లీ ఎంసెట్ రాసి ఈ కాలేజీకే వచ్చాడు. ఇప్పుడు నాకంటే ఏడాది వెనక, క్లాసులో ఫస్టు, పొలంలోకి దిగితే కదలడు. పాపం, వాడికి ఒక్క ఏడాదిలోనే తేలిపోయింది. మన పద్ధతిలో ఎప్పటికీ తేలదు, ఎందుకంటే నేను పూర్తిగా చదివి రాసిన నీట్ ఇంతవరకు ఒక్కటీ లేదు. చదివితే వచ్చేదే అని ఎప్పుడైనా అనుకోవచ్చు. ఈ సుఖం వాడికేం తెలుసు?

వయసు గురించి కంగారు పడకు. గరిష్ఠ వయోపరిమితి 2022లోనే తీసేశారు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. ఆ కబురు విన్నరోజు నేను మెస్‌లో అందరికీ మైసూర్ పాక్ పంచాను. ఆ బాకీ ఇంకా తీరలేదు.

అన్నట్టు, పోయినసారి అప్లికేషన్ ఫీజు జనరల్ వాళ్లకి 1,700. నా దగ్గర తొమ్మిది వందలున్నాయి. మిగతా ఎనిమిది వందలు సర్దుతావా తమ్ముడూ? సీటొచ్చాక ఇచ్చేస్తాను.