లంబసింగి సందేశం: టీకా తాత్పర్యములు

మూలం

అన్నా శేరినం. సలి మంచిగున్నది. డేరల పన్నం. పొద్దుగాల మబ్బులు కాళ్ల కింద. మీ మరదలు ముంగట, నేను ఎనుక.

అవతారిక

పదిహేను మాటల ఈ సందేశం డిసెంబరులో ఒక మధ్యాహ్నం నా ఫోనులో పడింది. గ్రంథకర్త మా తోడల్లుడు. శ్రీరాంపూర్‌లో ఒక బొగ్గుబాయిలో బదిలీ ఫిల్లర్‌గా చేరి, ఇప్పుడు సపోర్ట్‌మ్యాన్ పనిలో ఉన్నాడు. రచన గద్యం గనుక యతి లేదు, ప్రాస లేదు. రాసిన చోట సిగ్నల్ కూడా లేదు. పొద్దున లంబసింగి దగ్గరి కొండ మీద రాసింది దిగి చింతపల్లికి వచ్చాక గానీ కదల్లేదట.

కాళిదాసు యక్షుడు భార్యకు దూరమై మేఘం చేత కబురంపాడు. మావాడు భార్యను వెంటబెట్టుకుని, మేఘాన్ని కాళ్ల కింద పెట్టుకుని తోడల్లుడికి కబురంపాడు. ఆ కావ్యానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదక్ వైపు కొల్చారం వాడే. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ముందే ఒట్టు పెట్టుకున్నాడు. రెండో సగం నా వల్ల కాదు. మొదటి సగానికి కట్టుబడతాను.

టీక

అన్నా: సంబోధన. తోడల్లుళ్లలో పెద్దవాడికి చెల్లే మర్యాద. సాధారణంగా ఈ పిలుపు వెనక ఒక చేబదులు ఉంటుంది. ఇక్కడ లేదు, ఖర్చు కంపెనీ ప్రయాణాలకిచ్చే ఎల్‌టీసీది. ఆ ఎల్‌టీసీ పైసలు ఇంతకాలం ఫ్రిజ్‌గానో పిల్ల ఫీజుగానో మారాయే తప్ప రైలెక్కింది ఇదే మొదలు.

శేరినం: చేరితిమి. నిఘంటువులో ఇది చిన్న క్రియ. శ్రీరాంపూర్ కాలనీలో కాదు, కారణం బాయి. 'బాయి' అనగా గని. ఊరి బాయిలో నీళ్లుంటాయి, మా వైపు బాయిలో మనుషులుంటారు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. 1889లో తవ్వకం మొదలైంది. అప్పటినుంచి మావాళ్లకు బతుకుదెరువంటే కిందికి పోవడమే. సెకండ్ షిఫ్టు రాత్రి పదకొండుకు దిగిపోతుంది. బాయి మీదికొచ్చి, దీపం ల్యాంప్‌రూంలో అప్పజెప్పి, బండి తీసేముందు ఇంటికి ఒక మిస్డ్ కాల్. దాని అర్థమే 'శేరిన'. ఇక్కడ 'శేరినం' అని బహువచనం పడింది. గ్రంథకర్త ఈ క్రియను ఇద్దరికీ కలిపి వాడటం నాకు తెలిసి ఇదే తొలిసారి.

చేరిన దారి: మంచిర్యాలలో రైలు, విజయవాడలో మరో రైలు, నర్సీపట్నం రోడ్డులో దిగి బస్సు, ఆపైన ఘాటు. ఈ ఘాటు సంగతి అక్కర్లేనిదే, అయినా చెప్తాను. నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయించినప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం కూలీల చేత చాకిరీ చేయించి కూలి సరిగా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడటానికి కారణమైన కోపాల్లో అదొకటి. బస్సులో పక్క సీటాయన ఇదంతా చెప్తే మావాడు చరిత్ర జోలికి పోలేదు. 'మస్టర్ ఏసి పైసలియ్యకుంటె ఎవలకైనా మండదా' అని ఊరుకున్నాడట. ఇంతకన్నా పొట్టి వ్యాఖ్య మల్లినాథుడూ రాయలేడు.

సలి మంచిగున్నది: శంక. చలి మంచిగా ఎట్లుంటుంది? సమాధానం. అడిగేవాడు మే నెలలో మంచిర్యాల ప్లాట్‌ఫారం మీద నిలబడి అడగాలి. పైకి పోయిన కొద్దీ గాలి చల్లబడుతుంది, వెయ్యి మీటర్లకు ఆరేడు డిగ్రీలు. లంబసింగి ఉన్నది దాదాపు ఆ ఎత్తులోనే. భూమి లోపలికి పోయిన కొద్దీ రాయి వేడెక్కుతుంది. మావాడిది ఇరవై రెండేళ్లుగా ఆ రెండో లెక్క.

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని అక్కడివాళ్లు చెప్పే వ్యుత్పత్తి. వీళ్లు పైసలు కట్టి మరీ బయట ఉన్నారు.

పాఠాంతరం: మా మరదలు వాళ్లక్కకు ఫోనులో వినిపించిన ప్రతిలో ఈ వాక్యం 'మంచిగుండదా మరి, రెండు రగ్గులూ ఆయన మీదనే ఉండె' అని ఉంది. ఇదే ప్రామాణికం.

డేరల పన్నం: గుడారమున శయనించితిమి. ఇచ్చటి బహువచనం చింత్యం. శయనించినది ఎవరో, ఎంతసేపో విచారించాలి.

గుడారమంటే నైలాన్ డేరా. రెండు సన్న కడ్డీలు విల్లులా వంచి, నాలుగు మూలలా మేకులు కొట్టారు. డేరా అద్దెకిచ్చిన కుర్రాడు టార్చి వేసి చూపించి వెళ్లిపోయాడు. మావాడు చెప్పులు విడిచి, నడుము వంచి, లోపల తలపెట్టి ఆగాడు. చేయెత్తి వేలి కణుపులతో కప్పు తట్టాడు. బాయిలో పనికి ముందు కప్పును కర్రతో తట్టి చెవి పెట్టాలి. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైతే డొల్లగా పలుకుతుంది, అప్పుడు అందరూ వెనక్కి జరగాలి, కింద సపోర్టు పడాలి. ఆ సపోర్టు పెట్టేది ఈయనే. నైలాన్ ఖంగుమనలేదు, డొల్లగానూ పలకలేదు. 'రూఫ్ మాట్లాడ్తలేదు' అన్నాడట. కడ్డీలు పట్టుకుని ఊపి, 'గివేనా సపోర్టు?' అని కూడా అన్నాడట.

రాత్రి రెండింటికి మళ్లీ తట్టాడు. అప్పటికి ఇద్దరి ఊపిరీ చల్లటి బట్టకు అంటుకుని నీరై ఉంది. మూడు చుక్కలు ఆమె నుదుటి మీద, ఒకటి సరిగ్గా ముక్కు మీద పడ్డాయి. 'ఇది బాయి కాదయ్యా, బట్ట. కూలితె దుప్పటోలె పడ్తది, పండు' అందట మా మరదలు. ఆయన పడుకున్నాడు. ఆమె మాత్రం ఆ తట్టుడు మళ్లీ వినిపిస్తుందేమోనని నాలుగింటి దాకా మేలుకునే ఉంది. కనుక 'పన్నం' ఏకవచనమే.

ఒకటి చూసి మరొకటని భ్రమపడటం భ్రాంతిమదలంకారమని లాక్షణికులు. జీతం తీసుకుని అలవాటు చేసుకున్న భ్రాంతికి వాళ్లు పేరు పెట్టలేదు.

పొద్దుగాల మబ్బులు కాళ్ల కింద: ఉదయమున మేఘములు పాదముల దిగువ. పూర్వపక్షం: మబ్బు పైన ఉండేది కదా. సిద్ధాంతం: రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది. అందులోని తేమ మంచుపొగై అక్కడే కూర్చుంటుంది. ఎండ ఎక్కేదాకా లేవదు. లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద నిలబడితే అది కింద తెల్లగా పరుచుకుని ఉంటుంది. ఇంతే శాస్త్రం. మావాడి లెక్క వేరు. డ్యూటీలో ఉన్నంతసేపూ రోడ్డు, చెట్లు, మబ్బు అన్నీ ఆయన నెత్తి మీద. ఒక పూట అవన్నీ కిందికి దిగాయి.

మీ మరదలు ముంగట, నేను ఎనుక: సులభంగా కనిపించే కఠిన వాక్యం. పెళ్లిలో, గుడిలో, బజారులో ఈ దంపతుల క్రమం దీనికి తలకిందులు. ఇక్కడ క్రమభంగం ఎందుకు జరిగిందో మూలకర్త చెప్పలేదు. కాబట్టి ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

చెరువులవేనం చేరాలంటే చీకట్లోనే బయలుదేరాలి. ఆమె తన ఫోను టార్చి పట్టుకుంది. 'దీపం చేతిల పట్టుకుంటె ఒక చెయ్యి పోయినట్టె, నెత్తి మీదుండాలె' అని ఆయన ఆ ఫోను లాక్కుని, నుదుటికి ఆనించి, తువ్వాలతో తల చుట్టూ బిగించి ముందు నడిచాడు. పైన కొమ్మ లేదు, కప్పు లేదు. అయినా మెడ వంచి, భుజాలు ముడిచి, అడుగు చూసుకుని నడిచాడు, బాయిలో నడిచినట్టే. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనికి పోనివ్వలేదు. 2019లో షరతుల మీద ఆ దారి తెరిచారు గానీ, అదీ ఉద్యోగం ఉన్నవాళ్లకే. టిఫిన్ కట్టి పంపేవాళ్లకు కాదు. ఇరవై రెండేళ్లుగా ఆమెకు తెలిసింది ఇల్లు దాటే మనిషీ, ఇల్లు చేరే మనిషీ. నడుమ మనిషిని చూడటం ఇదే.

'రోజు గిట్లనే పోతవా?' అనడిగింది.

'గిట్లనే. గని ఆడ పోవుడు దిగుడు. ఎక్కుడు డ్యూటీ అయినంక ఉంటది' అన్నాడు. ఆ మాటకే ఆయాసం వచ్చి బండ మీద కూర్చున్నాడు. ఆమె ఆయన తల మీది తువ్వాల ముడి విప్పి, ఫోనుతో సహా తన తలకు కట్టుకుని ముందు నడిచింది.

లిపి విశేషం: సందేశం కింద ఒక ఫోటో జత చేసి ఉంది. మబ్బులవి అనుకుని పెద్దది చేసి చూశాను. మబ్బులు లేవు. చీకట్లో వెనక నుంచి తీసిన ఎర్ర గళ్ల తువ్వాల తల ఒకటి, దానికి అవతల నేల మీద ఒక వెలుగు మచ్చ.