ఒక్క నలుపు చాలు

నాన్న పద్యాల పుస్తకాన్ని పాడుచేసింది నేనే. ఆయన సంవత్సరీకానికి 500 ప్రతులు వేయించాను. వెనక అట్ట మీద పైన ఆయన ఫొటో, కింద ఆయన రాసిన చివరి పద్యం. ఆ పద్యాన్ని ఎవరూ చదవలేకపోయారు.

ఇరవయ్యేళ్లుగా హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతున్నాను. సయాన్ ఇంకు తెల్లని వెలుగులోంచి ఎరుపును మింగేస్తుంది. మెజెంటా ఆకుపచ్చను, పసుపు నీలాన్ని మింగుతాయి. మూడూ ఒకదానిమీద ఒకటి పడితే కాగితం నుంచి కంటికి తిరిగొచ్చే వెలుగు మిగలదు, అదే నలుపు. ఈ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు. ఆ నమ్మకంతోనే అట్టను కంప్యూటర్లో నేనే తయారుచేశాను. నాన్న పద్యం కారునలుపులో ఉండాలని అక్షరాలకు నాలుగు ఇంకులూ నూటికి నూరు పెట్టాను. మూడు కలిస్తేనే నలుపైతే, నాలుగోదిగా అసలు నలుపూ చేరితే మరింత చిక్కగా వస్తుందనుకున్నాను.

విజయవాడలో ప్రెస్సుకు తీసుకెళితే, మెషీన్ నడిపే పెద్దాయన ఫైలు చూసి ఆగిపోయాడు.

"అక్షరాలకు నాలుగు రంగులెందుకు సార్? ఒక్క బ్లాక్ ఉంచి మిగతా మూడూ తీసేయండి. అన్నీ కలిపి ఇంకు 400 శాతం అవుతోంది. ఆర్ట్ పేపర్ మీద మేం 300 దాటనివ్వం, ఆరదు."

నేను వినలేదు. రంగుల గురించి నాకే చెబుతున్నాడన్న అహం అడ్డొచ్చింది. "మా నాన్నగారి పద్యమండీ, నేను పెట్టింది పెట్టినట్టే రావాలి" అన్నాను. నాన్న పేరు ఎత్తాక ఆయనింకేమంటాడు?

ఆఫ్‌సెట్ అచ్చులో ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు. ఇంకుతోపాటు ప్రతి ప్లేటుకూ నీటి తడి ఉంటుంది. ఆ తడికి కాగితం వెంట్రుకవాసి సాగుతుంది. నాలుగు అచ్చులూ సరిగ్గా ఒకే చోట పడాలి. ఫొటోలో వెంట్రుకవాసి తేడా వస్తే చుక్కల్లో కలిసిపోతుంది. సన్నని అక్షరానికి ఆ వీలు లేదు, తెలుగు అక్షరానికి మరీ లేదు. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య తేడా ఒక చిన్న మెలిక. నాన్న పద్యంలో ఆ మెలికలన్నీ పూడిపోయాయి. వట్రసుడి ఏదో, క్రావడి ఏదో తెలియలేదు. ప్రతి అక్షరానికీ ఒక పక్క గులాబి నీడ, మరో పక్క నీలి నీడ. ఆరని ఇంకు పై షీటు వెనక్కి అంటుకుంది.

అచ్చు పడిన రోజు పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. భూతద్దం చేతికిచ్చి, షీటు అంచున మూడు రంగులే పడిన గడిని చూపించాడు. అది నలుపు కాదు, బురదలాంటి గోధుమరంగు. బోర్డు మీది రంగులు స్వచ్ఛమైనవి, డబ్బాలోని ఇంకులు కావు. ఏ ఇంకూ తను మింగాల్సిన వెలుగును మాత్రమే, పూర్తిగా, మింగదు. అందుకే నలుపు విడిగా కావలసి వచ్చింది. 1667లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన జాకబ్ క్రిస్టాఫ్ లె బ్లాన్ ఎరుపు, పసుపు, నీలం ప్లేట్లతో రంగుల బొమ్మలు అచ్చువేసినవాడు. అవసరమైన చోట ఆయనా నలుపు ప్లేటు చేర్చుకున్నాడు.

తర్వాత భూతద్దాన్ని ఫొటోలో నాన్న ముఖం మీదికి జరిపాను. చెంప మీద పసుపు, మెజెంటా చుక్కలు, జుట్టులో నల్లచుక్కల వరసలు. ఒక్కో రంగు వరస ఒక్కో కోణంలో ఉంది. నలుపుది 45 డిగ్రీలు. ఏ రంగు ఎంత పడాలో, ఎక్కడ తగ్గాలో కుదిరినందుకే అక్కడ నాన్న కనిపిస్తున్నాడు. ఆ కుదురు ఆయన మాటలకు నేను ఇవ్వలేదు.

సంవత్సరీకం రోజున మేనత్త పుస్తకాన్ని దగ్గరగా, దూరంగా పట్టుకుని చూసింది. "నా కళ్లు పోయాయిరా నాన్నా, అన్నయ్య ఏం రాశాడో నువ్వే చదువు" అంది. కళ్లు బాగానే ఉన్నాయని, తప్పు నాదేనని చెప్పి, గుర్తున్నంత వరకు పద్యం చదివాను. రెండో పాదం దగ్గర గొంతు పట్టేసింది.

మర్నాడే ప్రెస్సుకు వెళ్లి పెద్దాయనకు క్షమాపణ చెప్పుకున్నాను. పద్యాన్ని విడిగా ఒక కాగితం మీద, ఒక్క నలుపుతో వేయించాను. మొదటి కాగితం అత్తకిచ్చాను. ఆవిడ అద్దాలు సర్దుకుని, ఎక్కడా ఆగకుండా, పైకి చదివింది.